అర్కర్ట్ కోటను పేల్చింది శత్రువులు కాదు

[తెర మీద: లాఖ్ నెస్ ఒడ్డున శిథిలమైన కోట]

స్కాట్లండ్‌లో లాఖ్ నెస్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ కోటకొచ్చిన వాళ్లు ముందు నీళ్లలో నెస్సీ కోసం, అంటే ఈ సరస్సులో ఉందని చెప్పుకునే వింత జంతువు కోసం వెతుకుతారు. తర్వాత ఈ మొండి గోడలు చూసి "శత్రువులు ఫిరంగులతో కొట్టేసుంటారు" అనేస్తారు. రెండూ తప్పే! నెస్సీ సంగతి వదిలేద్దాం. ఈ కోటను పేల్చింది దానికి కాపలా ఉన్న సైనికులే. 1692లో ఖాళీ చేసి వెళ్లిపోతూ పేల్చేశారు.

వాళ్లు విలియం రాజు పక్షం. గద్దె దిగిన జేమ్స్ మనుషులు, అంటే జాకొబైట్లు, వీళ్లను ముట్టడించారు. లోపల తిండి దండిగా ఉండటంతో వీళ్లు లొంగలేదు. 1690లో క్రామ్‌డేల్ దగ్గర జాకొబైట్లు ఓడిపోయారు. అయినా ఖాళీ కోటను వదిలేస్తే మళ్లీ వాళ్లే వచ్చి తిష్ట వేస్తారని భయం.

అలాగని కోటంతా కూల్చక్కర్లేదు, సింహద్వారం పోతే చాలు. రెండు అర్ధచంద్రాకారపు బురుజులు, మధ్యలో దారి, దానికి పైనుంచి దించే ఇనుప జల్లెడ తలుపు, ఇంకో రెండు జతల తలుపులు, అటూ ఇటూ కాపలా గదులు... కోటకు తాళం ఇదే.

ఇప్పుడు తాటాకు టపాకాయ గుర్తు తెచ్చుకోండి. దాన్ని విప్పి మందు కాగితం మీద పోసి అంటిస్తే భుస్సుమంటుంది, అంతే. బిగించి చుట్టి ఉంటేనే ఢాం! మందు ఒకటే, తేడా అంతా చుట్టులో ఉంది. మందంగా రాతి గోడలున్న ఈ ద్వారం కూడా అలాంటి తాటాకే. ఆరుబయట గోడకు ఆనించి మందు పెడితే సగం బలం గాలిలో కలిసిపోతుంది. మూసిన గదిలో పెడితే వాయువులకు దారి ఉండదు, గోడను చీల్చుకునే బయటపడాలి.

[తెర మీద: ద్వారం పక్కన పడి ఉన్న రాతి ముద్దలు]

సాక్ష్యం ఇదిగో. ఫిరంగి గుండు గోడను బయటినుంచి కొంచెం కొంచెంగా పెచ్చులూడగొడుతుంది. ఇక్కడ రాళ్లు సున్నంతో అతుక్కునే, పెద్ద పెద్ద ముద్దలుగా పడి ఉన్నాయి. లోపలినుంచి ఒక్కసారిగా తోస్తే ఇలాగే అవుతుంది. చిరిగిన తాటాకు ముక్కలన్నమాట.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. కోట యజమానులు గ్రాంట్ వంశం వాళ్లు. 1509లో అప్పటి స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ ఇచ్చాడు. 1545లో ఇంకో వంశమైన మెక్‌డొనాల్డ్‌లు పశువులతో సహా దోచుకెళ్లారు. పేల్చాక పార్లమెంటు 2,000 పౌండ్ల పరిహారం ఇమ్మంది, అయినా మరమ్మతులు జరగలేదు. బాగుచేసే నాథుడు లేక ఊళ్లోవాళ్లు రాళ్లు మోసుకుపోయారు. తర్వాత ఓ గాలివానకు కోటలోని పెద్ద బురుజు, గ్రాంట్ టవర్, కొంత కూలింది. 1913 నుంచి ప్రభుత్వ సంరక్షణలో ఉంది.

వెళ్తే ముందు ఆ ముద్దల దగ్గర ఆగండి. కెమెరా సరస్సు వైపు తర్వాత తిప్పొచ్చు.