ఎలక్ట్రిక్ కారు: కొత్తలో ఉండే బెంగలు, అవి తీరే దారులు

[తెరపై: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపి ఉన్న, ఆకుపచ్చ నంబరు ప్లేటు గల కారు. గోడమీద చార్జింగ్ పాయింటు.]

నమస్కారం. ఎలక్ట్రిక్ కారు బుక్ చేసుకున్నవారూ, డెలివరీ తీసుకుని ఇంకా నెల తిరగనివారూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. ఒకసారి చార్జి చేస్తే నిజంగా ఎంత దూరం వస్తుంది? దారి మధ్యలో అయిపోతే ఏం చేయాలి? బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుంది? వాననీటిలో దిగితే ప్రమాదమా, ఎండకు అంటుకుంటుందా? పది, పదిహేను లక్షలు పోసి కొన్న వస్తువు గురించి ఇంత దిగులు ఉండటం సహజమే కనుక, వీటిలో ఏ ప్రశ్ననూ తేలికగా తీసివేయకూడదు. అయితే అందరూ చివరికి వదిలేసే ప్రశ్న ఒకటుంది. నా ఉద్దేశంలో దానిని మొట్టమొదట అడగాలి. రాత్రిపూట కారు ఎక్కడ నిలుస్తుంది, అక్కడికి మన సొంత మీటరు నుంచి ఒక ప్లగ్ పాయింటు వస్తుందా అన్నదే ఆ ప్రశ్న. దీనికి అవునన్న జవాబు దొరికితే మిగిలిన బెంగల్లో సగానికి పైగా ఒకటి రెండు నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. దొరకకపోతే ఎంత పెద్ద బ్యాటరీ ఉన్న కారు కొన్నా ప్రతి వారం చార్జింగ్ స్టేషన్ వెతుక్కుంటూ తిరగవలసి వస్తుంది.

అందుకే ముందుగా ఇంటి సంగతి చూద్దాం. బ్రోచర్‌లో కిలోవాట్ అవర్ అని రాసేది కరెంటు బిల్లులో మనం రోజూ చూసే యూనిట్టే. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే 45 యూనిట్ల కరెంటు నింపుకునే బ్యాటరీ. ఊళ్లో నడిపినప్పుడు మధ్యరకం కారు యూనిట్‌కు ఇంచుమించు ఏడు కిలోమీటర్లు నడుస్తుంది. మియాపూర్‌లో ఉంటూ గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే వ్యక్తికి రానుపోను పాతిక, ముప్పై కిలోమీటర్లు అనుకుంటే, రోజుకు ఖర్చయ్యేది నాలుగు యూనిట్లకు కాస్త అటూ ఇటూ. గీజరుకు వాడే 15 ఆంపియర్ల పాయింటు నుంచి కారు గంటకు దాదాపు మూడు యూనిట్లు తీసుకుంటుంది కాబట్టి, ఆ ఖర్చు గంటన్నరలో పూడిపోతుంది. రాత్రి ఎనిమిది గంటలు తగిలించి ఉంచితే, మధ్యలో పోయే నష్టం తీసివేసినా, నూట యాభై కిలోమీటర్లకు సరిపడా కరెంటు ఎక్కుతుంది. గంటకు ఏడు యూనిట్ల దాకా ఇచ్చే, గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జరు ఉంటే మంచిదే గాని, రోజువారీ అవసరానికి అది తప్పనిసరి కాదు.

అసలు జాగ్రత్త వైరింగ్‌లో ఉండాలి. గీజరు పావుగంట వేడెక్కి ఆగిపోతుంది. కారు మాత్రం ఆరేడు గంటలపాటు ఏకధాటిగా కరెంటు లాగుతుంది. పాత వైరింగ్ ఈ పనికి తగదు. మీటర్ బోర్డు నుంచి కారు నిలిచే చోటికి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి ప్రత్యేకంగా, కరెంటు మోతాదు మించితే లైను ఆపేసే ఎంసీబీ, లీకేజీ కరెంటును పట్టుకునే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారుతో వచ్చే చార్జరు ఎర్ర దీపం చూపి చార్జింగ్‌ను నిరాకరిస్తుంది. కారు చెడిపోయిందని కొత్తవారు కంగారుపడే సందర్భాల్లో ఇదొకటి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. మొదటి రోజు చార్జింగ్ పెట్టిన గంట తరువాత ప్లగ్‌ను చేత్తో ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి ఉంచలేనంతగా కాలుతుంటే వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

[తెరపై: మీటర్ రూమ్ నుంచి సెల్లార్ దాకా పైపులో వెళ్లే కేబుల్.]

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి వైరు లాగడం కంటే అసోసియేషన్‌ను ఒప్పించడం కష్టంగా ఉంటుంది. ఉన్న కరెంటు కనెక్షన్ నుంచే ఇంట్లో గాని కార్యాలయంలో గాని వాహనాన్ని చార్జి చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఆ ప్రతిని జతచేసి, లైను మీ ఫ్లాటు మీటరు నుంచే వస్తుందనీ, కామన్ మీటరుతోనూ జనరేటరు లైనుతోనూ దానికి సంబంధం ఉండదనీ, కేబుల్ ఏ గోడ వెంట ఏ పైపులో వెళుతుందో గీసి చూపిస్తూ ఉత్తరం రాయండి. నోటిమాటగా అడిగితే వచ్చే అభ్యంతరాల్లో చాలావరకు ఈ గీత చూశాక రావు. ఫ్లాటుకు శాంక్షన్ అయిన లోడు మూడు కిలోవాట్లే అయితే అదనపు లోడుకు డిస్కమ్‌లో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, దరఖాస్తు చేసుకోవాలి. అద్దె ఇంట్లో ఉండేవారు యజమాని ఒప్పుకోలును రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే బుకింగ్ డబ్బు కట్టడం మేలు.

ఇక దూరప్రయాణం. బెంగంతా నిజంగా కూడి ఉండేది ఇక్కడే. కంపెనీలు ప్రకటించే అంకె ప్రయోగశాల పరీక్షలో తేలినది. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్‌కు ఆ అంకె 489 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళితే ఆ దూరం రాదు. యూనిట్‌కు ఆరు, ఆరున్నర కిలోమీటర్ల చొప్పున 270 నుంచి 290 దాకా వస్తుందని లెక్క వేసుకుంటే మోసపోరు.

ఈ లెక్కను హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారికి వర్తింపజేద్దాం. దూరం దాదాపు 275 కిలోమీటర్లు. కాగితం మీద ఒక్క చార్జితో చేరవచ్చుననిపించినా, కొత్తవారు ఆ సాహసం చేయకూడదు. పూర్తి చార్జితో బయలుదేరితే, దాదాపు సగం దారిలో ఉన్న సూర్యాపేట చేరేసరికి తెరమీద యాభై శాతానికి కాస్త పైన కనిపిస్తుంది. అక్కడ టిఫిన్ చేసే ఇరవై, పాతిక నిమిషాల్లో ఫాస్ట్ చార్జరు నుంచి పన్నెండు యూనిట్ల వరకు ఎక్కించుకుంటే విజయవాడలో పాతిక, ముప్పై శాతం మిగులుతో దిగుతారు. దారిలో టీకో టిఫిన్‌కో ఎలాగూ ఆగే ప్రయాణమే కాబట్టి సమయం పెద్దగా పెరగదు.

[తెరపై: హైవే పక్క చార్జింగ్ యంత్రం. రెండు గన్‌లు, ఒకదానికి కారు తగిలించి ఉంది.]

ఆ యంత్రాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. దానిమీద 60 కిలోవాట్లు అని రాసి ఉంటుంది, రెండు గన్‌లు, అంటే కారుకు తగిలించే ప్లగ్‌లు, వేలాడుతుంటాయి. చాలా చోట్ల ఆ అరవై కిలోవాట్లను రెండు గన్‌లూ పంచుకుంటాయి. మీరు చార్జింగ్ పెట్టుకున్నాక రెండో గన్‌కు ఇంకో కారు తగిలితే మీకు అందేది సగానికి పడిపోవచ్చు. ఇందులో మీ కారు లోపం ఏమీ లేదు. అలాగే ఎనభై శాతం దాటిన తరువాత బ్యాటరీ తనంతట తానే కరెంటు తీసుకునే వేగాన్ని తగ్గించుకుంటుంది కాబట్టి, హైవే మీద ఎనభైకి ఆపి బయలుదేరడం ప్రయాణికుడికీ, వెనుక వరుసలో ఉన్నవారికీ మంచిది. యంత్రం పనిచేయకపోవడం, యాప్‌లో డబ్బు వేసినా మొదలుకాకపోవడం, గన్ ముందు పెట్రోలు కారు నిలిపి డ్రైవరు భోజనానికి వెళ్లిపోవడం మన రోడ్ల మీద ఇప్పటికీ జరుగుతున్నవే. వీటికి మందు ఒకటే. ఆగవలసిన స్టేషన్‌తో పాటు దానికి ముందో వెనుకో ఇరవై, ముప్పై కిలోమీటర్లలో ఇంకొకటి చూసి పెట్టుకోవాలి. రెండు మూడు కంపెనీల యాప్‌లలో ముందుగానే ఖాతా తెరిచి కొద్దిగా డబ్బు వేసి ఉంచాలి. గత ఒకటి రెండు రోజుల్లో అక్కడ ఎవరైనా చార్జి చేశారో లేదో చూడాలి. ఇరవై శాతం కంటే దిగువకు రాకముందే స్టేషన్ చేరేలా ప్రయాణం అమర్చుకుంటే గుండె దడ ఉండదు. ఒకవేళ అంచనా తప్పినా కారు ఉన్నట్టుండి ఆగిపోదు; చాలా ముందు నుంచే హెచ్చరిస్తుంది, తరువాత శక్తిని తగ్గించి నెమ్మదిగా నడుస్తుంది. ఆ స్థితిలో చేయగలిగిన మంచి పని వేగం తగ్గించడమే. వంద నుంచి ఎనభైకి దిగితే గాలి వెనక్కు నెట్టే బలం మూడో వంతుకు పైగా తగ్గుతుంది.

ఈ దారిలోనే మరో విశేషం ఉంది. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంటే, విజయవాడ దాదాపు సముద్రమట్టానికి దగ్గరగా ఉంటుంది. నలుగురితో కలిపి పద్దెనిమిది వందల కిలోలు తూగే కారును అంత ఎత్తుకు చేర్చడానికి రెండున్నర యూనిట్లు అదనంగా కావాలి. అందుకే వెళ్లేటప్పుడు వచ్చిన దూరం తిరుగు ప్రయాణంలో రాదు. బ్యాటరీ అప్పుడే పాడైపోయిందని కొత్తవారు బెదిరిపోతారు గాని, ఆ తేడా భూమి వాలు వల్ల వచ్చినదే.

ఘాట్ రోడ్డు సంగతీ ఇలాంటిదే. తిరుపతి నుంచి తిరుమలకు దాదాపు ఏడు వందల మీటర్లు ఎక్కాలి. అదే కారుకు ఎత్తు ఎక్కడానికే మూడున్నర యూనిట్లు పడతాయి, దారి దూరానికి అయ్యేది వేరు. పైకి చేరేసరికి చార్జి గబగబా తగ్గడం చూసి ఆదుర్దా పడనక్కరలేదు. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే మోటారు జనరేటరుగా మారి, ఎక్కడానికి ఖర్చయిన దానిలో కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది, బ్రేకుల మీద భారం కూడా తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త. కొండమీద నూరు శాతం చార్జి చేసుకుని దిగవద్దు. నిండిన బ్యాటరీలో ఆ కరెంటు పట్టదు కాబట్టి మోటారు ఇచ్చే ఆ నిలుపుదల దొరకదు. ఇదే ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచి భక్తులను ఎక్కించుకుని తిరుగుతున్నాయి. కారు ఎక్కగలదా అన్న సందేహానికి ఆ బస్సుల కన్నా గట్టి సమాధానం అక్కరలేదు.

ఎండల విషయానికి వస్తే, మే నెలలో ఏసీ గంటకు ఒకటి నుంచి రెండు యూనిట్లు తీసుకోవచ్చు. గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పోయేది పది కిలోమీటర్ల దూరానికి సరిపడా కరెంటు, అంతే. బ్యాటరీ ఆయుష్షుకు మాత్రం వేడి నిజమైన శత్రువు కాబట్టి, నీడలో నిలపడం, మండుటెండలో దూరం నడిపి వచ్చాక కాసేపు ఆగి చార్జింగ్ పెట్టడం మంచి అలవాట్లు. లోపలి రసాయనాలను బట్టి కార్ల బ్యాటరీల్లో ముఖ్యంగా ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ అని రెండు రకాలు కనిపిస్తాయి. ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీ అయితే శాతం లెక్క తప్పకుండా ఉండటానికి అప్పుడప్పుడు నూరు దాకా నింపమని కంపెనీలు చెబుతాయి; ఎన్‌ఎంసీ రకమైతే రోజువారీ వాడకానికి ఎనభై దగ్గర ఆపడం మంచిది. మీది ఏ రకమో డెలివరీ రోజునే అడిగి తెలుసుకోండి.

మంటల భయం ఊరికే పుట్టినది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇళ్లలో స్కూటర్ల బ్యాటరీలు పేలి మనుషులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది చివర నుంచి కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది, 2023 మార్చి 31 నుంచి రెండో దశ నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఇంట్లోకి తీసుకువెళ్లి చార్జి చేసే విడి బ్యాటరీకీ, కారు అడుగున లోహపు కవచంలో బిగించిన బ్యాటరీకీ నిర్మాణంలో చాలా తేడా ఉంది. చాలా కార్లలో దానిని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు కూడా ఉంటుంది. అయినా కారు అడుగు రాయికి గట్టిగా తగిలితే, బయటికి ఏమీ కనిపించకపోయినా, సర్వీస్ సెంటర్‌లో చూపించి తీరాలి.

నీటి విషయంలో బ్యాటరీకి ఇచ్చే ఐపీ67 అన్న గుర్తును సరిగా అర్థం చేసుకోవాలి. మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి చెమ్మ చేరదని దాని అర్థం. వానలో నడపడానికీ, లోతు లేని నిలిచిన నీటిని దాటడానికీ అది చాలు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి మునిగినటువంటి పరిస్థితికి ఆ గుర్తు హామీ ఇవ్వదు. అలా మునిగిన కారును స్టార్ట్ చేయవద్దు, చార్జింగ్ పెట్టవద్దు. ఫొటోలు తీసి బీమా కంపెనీకి తెలిపి, టోయింగ్‌కు అప్పగించండి.

ఖర్చుల్లో దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఇంటి కరెంటు స్లాబు పెరిగి యూనిట్ తొమ్మిది, పది రూపాయలు పడినా ఊళ్లో కిలోమీటరుకు రూపాయిన్నరకు కాస్త అటూ ఇటూ అవుతుంది. లీటరుకు పదిహేను ఇచ్చే పెట్రోలు కారుకు ఏడు రూపాయల దాకా అవుతుంది. బయటి ఫాస్ట్ చార్జర్ల దగ్గర యూనిట్ ఇరవై రూపాయల పైనే ఉండవచ్చు కాబట్టి, పూర్తిగా వాటి మీదే ఆధారపడేవారికి ఆదా బాగా తగ్గిపోతుంది. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. మరోవైపు బరువు వల్ల టైర్లు తొందరగా అరుగుతాయి, తిరిగి అమ్మితే వచ్చే ధర పెట్రోలు కారంత నిలకడగా ఉండదు. నాలుగేళ్లలో అమ్మేసే అలవాటున్నవారు ఈ చివరి మాట గురించి గట్టిగా ఆలోచించాలి. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ మామూలుగా దొరుకుతోంది, కొన్ని కంపెనీలు జీవితకాల వారంటీ కూడా ప్రకటించాయి. అయితే అటువంటి జీవితకాల హామీ సాధారణంగా మొదటి యజమానికే చెల్లుతుంది. రెండో యజమానికి ఎన్నేళ్లు మిగులుతుందో వారంటీ పుస్తకంలో చదివి, అర్థం కాకపోతే షోరూమ్ వారిచేత ఈమెయిల్‌లో రాయించుకుని భద్రపరచండి. అమ్మే రోజున కొనేవారు మొదట అడిగేది ఆ కాగితమే.