లోటు ఎక్కడ తగ్గింది, ఎక్కడ దాగింది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వ అప్పులు, లోటు, ఖర్చుల కోతలపై శ్రోతల సందేహాలకు ఈ రోజు సమాధానాలు విందాం. పార్టీల ఊసు లేకుండా మాట్లాడమని ముందుగానే కోరుతున్నాం గానీ, గోదావరి జిల్లాల్లో ఆ కోరిక ఎంతవరకు చెల్లుతుందో మాకూ తెలుసు. చాలా ఏళ్లు కళాశాలలో అర్థశాస్త్రం బోధించిన మాస్టారు మనతో ఉన్నారు. మొదటి ఫోను అంబాజీపేట వైపు నుంచి.

శ్రోత: నమస్కారమండీ మాస్టారూ. నేను కౌలు రైతునండి. మా బావగారిదీ నాదీ చెరో పార్టీ. పోయిన ప్రభుత్వం రాష్ట్రాన్ని అప్పుల్లో ముంచేసిందని నేనంటే, ఇప్పటి ప్రభుత్వం ఏం తక్కువ తిందని ఆయన అంటారు. ఇద్దరి ఫోన్లలోనూ అంకెలున్నాయి, ఒకదానికొకటి పొంతన లేదు. ఏది నమ్మమంటారు?

మాస్టారు: రెండూ నిజమయ్యే అవకాశం ఉందండి, చిక్కంతా అక్కడే. 2024 జూలైలో కొత్త ప్రభుత్వం శాసనసభలో పెట్టిన శ్వేతపత్రం మొత్తం భారాన్ని సుమారు 9.74 లక్షల కోట్ల రూపాయలుగా చూపించింది. ప్రతిపక్షం అంతకంటే బాగా తక్కువ అంకె చెప్పింది. ప్రభుత్వం తన పేరున తెచ్చిన అప్పును మాత్రమే కూడితే ఒక మొత్తం వస్తుంది. కార్పొరేషన్ల చేత తెప్పించిన అప్పులు, విద్యుత్ సంస్థల బాకీలు, చెల్లించని బిల్లులు కూడా కలిపితే ఇంకొకటి వస్తుంది. రాష్ట్ర ఖజానా నుంచి తీర్చవలసిన కార్పొరేషన్ అప్పును రాష్ట్ర రుణపరిమితిలోనే లెక్కిస్తామని కేంద్రం 2022లో స్పష్టం చేసింది కాబట్టి, ఆ దారి కొంత మూసుకుపోయింది. అందువల్ల బావగారిని “ఎంత” అని అడగడానికి ముందు “ఏమేమి కలిపి” అని అడగండి. ఆయన మిమ్మల్నీ అదే అడగాలి సుమండీ.

శ్రోత: అయితే లోటు సంగతి చెప్పండి. 2023-24లో తెచ్చిన అప్పులో ఎక్కువ భాగం రోజువారీ ఖర్చులకే పోయిందనీ, ఇప్పుడు అది బాగా తగ్గిందనీ మావాళ్లు అంటున్నారు.

మాస్టారు: మీవాళ్లు చెప్పిన అంకెలు తప్పు కావు, పోల్చిన తీరే తప్పు. 2023-24 ఖరారైన లెక్కల్లో రెవెన్యూ లోటు, అంటే నడిచే ఖర్చులు రోజువారీ ఆదాయాన్ని మించిన మొత్తం, 38,682 కోట్లు. ద్రవ్యలోటు, అంటే ఆ ఏడాది మొత్తం మీద అప్పుతో పూడ్చవలసి వచ్చినది, 62,720 కోట్లు. అంటే తెచ్చిన ప్రతి వంద రూపాయల అప్పులో 60 రూపాయలకు పైగా జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాల వంటి నడిచే ఖర్చులకే పోయాయి. 2025-26 బడ్జెట్‌లో రెవెన్యూ లోటు 33,185 కోట్లు, ద్రవ్యలోటు 79,926 కోట్లు అని చూపారు. ఆ లెక్కన వందలో 41 రూపాయలు. చూడడానికి చాలా మెరుగే. కానీ మొదటిది జరిగిపోయిన ఖర్చు, రెండవది 2025 ఫిబ్రవరిలో వేసుకున్న అంచనా. ఏ ప్రభుత్వమైనా అంచనాలో ఆదాయం ఘనంగానే చూపుతుంది. అంచనాను అంచనాతో, ఖరారు లెక్కను ఖరారు లెక్కతోనే పోల్చాలి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ప్రతి రాష్ట్రానికీ నెలవారీ లెక్కలను వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఇద్దరూ ఒకే ఫోనులో తెరిచి చూడండి. పైగా ఆ అంచనాలో కూడా ద్రవ్యలోటు మొత్తం తగ్గలేదు, పెరిగింది. అది మీ బావగారి వైపు మాట.

వ్యాఖ్యాత: ఇప్పుడు భీమవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు.

శ్రోత: ఖర్చు తగ్గించాలన్నప్పుడల్లా మా డీఏ (కరువు భత్యం) బకాయిల మీదే పడుతున్నారండీ. మా అబ్బాయేమో ఉచిత పథకాలు ఆపేస్తే లోటు దానంతటదే తీరుతుందంటాడు. వాడికేం చెప్పను?

మాస్టారు: అమ్మా, బకాయి ఆపడం కోత కాదు. మన దేశంలో ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో రాస్తారు, అంటే డబ్బు ఖజానా దాటిన రోజునే అది ఖర్చు. మీకు ఇవ్వవలసింది ఇవ్వకపోతే ఆ ఏడాది లోటు ఆ మేరకు తక్కువగా కనిపిస్తుంది. కిరాణా కొట్టు ఖాతా పెంచుకుంటూ ఈ నెల ఇంటి ఖర్చు తగ్గిందని చెప్పుకోవడం వంటిది అది. ఈ పని అన్ని ప్రభుత్వాలూ చేశాయి. ఇక మీ అబ్బాయి మాటకు వస్తే, 2024లో సామాజిక పింఛను 3,000 నుంచి 4,000 రూపాయలైంది. దానిని తగ్గిస్తామని చెప్పి ఓటు అడిగే పార్టీ ఈ జిల్లాల్లో నాకు కనబడలేదు. పథకాలలో అనర్హులను ఏరివేయమనండి, అది న్యాయమైన వాదన. ఆపేస్తే చాలనడం మాత్రం లెక్క చూడకుండా అన్న మాట.

వ్యాఖ్యాత: తరువాతి ఫోను నరసాపురం దగ్గరి నుంచి.

శ్రోత: మాది కాలువ శివారు భూమి మాస్టారూ. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మురుగు లాగక నారు కుళ్లిపోతుంది, రెండో పంట దాళ్వాలో నీరు చివరిదాకా రాదు. మా ఊళ్లో రెండు పార్టీల వాళ్లూ లోటు గురించి మాట్లాడతారు గానీ డ్రెయిను గురించి ఎవరూ మాట్లాడరు. వీటికి సంబంధం ఉందా?

మాస్టారు: ఈ రోజు వచ్చిన ప్రశ్నలన్నింటిలో నాకు ముఖ్యమైనది ఇదే. కొత్త వంతెన, కొత్త లాకు కడితే అది మూలధన వ్యయం. పూడిక తీయడం, గుర్రపుడెక్క తొలగించడం, తూము షట్టరుకు మరమ్మతు చేయడం, కాలువల కాపలా చూసే లష్కర్లకు జీతాలివ్వడం రెవెన్యూ పద్దులోకి, అంటే నడిచే ఖర్చుల్లోకి వస్తాయి. రెవెన్యూ లోటు తగ్గించాలని పట్టుబట్టినప్పుడు జీతాలు, వడ్డీలు కోయలేరు, పథకాలు కోయరు. ఇక మిగిలేది నిర్వహణే. దాని మీద చెయ్యి పడితే సచివాలయం ముందు ధర్నా జరగదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా బతుకు కాలువ పారడంతో పాటు మురుగు దిగడం మీద కూడా ఆధారపడి ఉంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు మురుగు సమస్య కూడా వారి ఫిర్యాదుల్లో ఉంది. నిర్వహణలో మిగిల్చానని చెప్పుకున్న రూపాయి ఎకరాకు ఎన్ని బస్తాల నష్టంగా తిరిగి వస్తుందో లోటు పట్టికలో కనిపించదు. ఏ పార్టీ దానిని లెక్కలో చూపలేదు.

శ్రోత: మరి మేమేం చేయాలండీ?

మాస్టారు: వేసవిలో కాలువలు కట్టేసి నీరు ఆపిన కొద్ది వారాలలోనే పని జరగాలి. నీరు వదిలాక ఎంత లోతు పూడిక తీశారో కొలిచే దారి ఉండదు. కాబట్టి కాలువ కట్టేయడానికి రెండు నెలల ముందే సమాచార హక్కు చట్టం కింద నీటిపారుదల కార్యాలయానికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో మీ డ్రెయినుకు నిర్వహణ కింద మంజూరైనది ఎంత, ఖర్చయినది ఎంత, చెల్లించవలసిన బిల్లులెన్ని, పనికి ముందూ తరువాతా తీసుకున్న కొలతలేమిటి, ఈ నాలుగే అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 1997 చట్టం ప్రకారం ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం మీకూ ఉంటుంది గనుక, ఆ జవాబును సంఘం సమావేశంలో చదివించి, తీర్మానం రాయించండి.

శ్రోత: సంఘం అధ్యక్షుడు అవతలి పార్టీ ఆయనండీ.

మాస్టారు: ఆయన చేను కూడా శివారులోనే ఉందా?

శ్రోత: మా చేలకు ఇంకా దిగువనే ఉందండీ.

మాస్టారు: అయితే దరఖాస్తు రాసేటప్పుడే ఆయనను పక్కన కూర్చోబెట్టుకోండి.