విన్నారు, రాసుకున్నారు

శ్రోతలందరికీ నమస్కారం.

మా చిన్నాన్న కొడుకు ఎడ్మంటన్‌లో ఉంటాడు. కెనడాలో ఆల్బర్టా రాష్ట్రం. అక్కడ ప్రావిన్సు అంటారు, నేను మాత్రం రాష్ట్రమనే అంటాను. ఫోన్ చేస్తే ముందు మంచు సంగతి చెప్తాడు, ఆ తర్వాత పక్కింటి పెద్దాయన సంగతి. ఆ పెద్దాయన వెల్డర్. ముప్పై ఏళ్లు చమురు గొట్టాలకు అతుకులు వేసిన మనిషి. ప్రతి ఎన్నికలోనూ ఆయన ఓటు కన్జర్వేటివ్ పార్టీకే. "అన్నయ్యా, ఒట్టావా పేరెత్తితే చాలు, చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేస్తాడు" అంటాడు మావాడు. ఒట్టావా అంటే కెనడా రాజధాని, కేంద్ర ప్రభుత్వం ఉండే చోటు.

ఆ కప్పు ఎందుకు కింద పెడతాడో ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

మనకు కెనడా అంటే పిల్లల చదువులు, వీసాలు, 2023లో ఢిల్లీకీ ఒట్టావాకీ మధ్య వచ్చిన గొడవ. ఆ గొడవ ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఇవాళ ఆ దేశం లోపలి కోపం గురించి. నాయకుల మీద, కోర్టుల మీద, విదేశాంగం మీద అక్కడి కన్జర్వేటివ్‌లకు ఉన్న కోపం. ఆ మూడూ ఒకే గొట్టం దగ్గర కలిశాయి. అందుకే నేను ఆ గొట్టం కథే చెప్తాను.

ఆల్బర్టా నేల కింద చమురుంది. ఆల్బర్టాకి సముద్రం లేదు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. చమురు బయటికి వెళ్లాలంటే పక్క రాష్ట్రాల మీదుగా పోవాలి, లేదా అమెరికాకి పోవాలి. రాష్ట్రం సరిహద్దు దాటే గొట్టానికి అనుమతి ఇచ్చేది ఒట్టావా. అంటే చమురు రాష్ట్రానిది, దారి కేంద్రానిది. 1980లో అప్పటి ప్రధాని పియర్ ట్రూడో ప్రభుత్వం జాతీయ ఇంధన విధానం తెచ్చి, ప్రపంచ ధర కంటే తక్కువకే ఆ చమురును దేశంలో అమ్మించింది. ఐదేళ్లకు తర్వాతి ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది గానీ, ఆ మంట ఆరలేదు. 1987లో అక్కడ రిఫార్మ్ పార్టీ పుట్టింది. దాని నినాదం ఏమిటో తెలుసా? పడమరకీ లోపల చోటు కావాలి, అని. విడిపోతామని కాదు, మమ్మల్ని లోపలికి రానివ్వండి అని.

ఇక గొట్టం. పేరు ట్రాన్స్ మౌంటెన్. 1953 నుంచి నడుస్తోంది. ఎడ్మంటన్ దగ్గర మొదలై, రాకీ పర్వతాలు దాటి, వాంకూవర్ పక్కనున్న బర్నబీ రేవు దాకా వెళ్తుంది. దాని వెంబడే ఇంకో గొట్టం వేసి, రోజుకు 3 లక్షల బ్యారెళ్లను 8 లక్షల 90 వేలకు పెంచాలని కిండర్ మోర్గన్ అనే కంపెనీ అనుకుంది. 2016 నవంబరు 29న పియర్ ట్రూడో కొడుకు, అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో మంత్రివర్గం సరేనంది. అదే రోజు ఇంకో గొట్టాన్ని, నార్దర్న్ గేట్‌వేని, వద్దంది. పోనీలే, ఒకటైనా దక్కింది అనుకున్నారు ఆల్బర్టా వాళ్లు.

తర్వాతి ఏడాది పక్కనున్న బ్రిటిష్ కొలంబియాలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆ గొట్టం మా రాష్ట్రంలోంచి వెళ్లడానికి వీల్లేదంది. 2018 ఫిబ్రవరిలో ఆల్బర్టా కోపం పట్టలేక పక్క రాష్ట్రం వైన్ కొనడం ఆపేసింది. అప్పుడు ఆల్బర్టాని ఏలుతున్నది కన్జర్వేటివ్‌లు కూడా కాదు, వామపక్షానికి చెందిన రేచెల్ నాట్లీ. ఇది నొక్కి చెప్తున్నాను. ఈ బాధను పార్టీ బాధ అని తీసిపారేయడానికి లేదు. కంపెనీకి విసుగొచ్చి చేతులెత్తేసింది. కేంద్రమే 450 కోట్ల డాలర్లు పెట్టి గొట్టాన్ని కొంటానంది.

2018 ఆగస్టు 30. ఉదయం ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు వచ్చింది. అనుమతి చెల్లదంది. అదే రోజు కంపెనీ వాటాదారులు అమ్మకానికి ఓటేశారు. అంటే కేంద్రం కొంటున్న గొట్టానికి కేంద్రమే ఇచ్చిన అనుమతి పోయింది. ఆ పెద్దాయన ఆ రోజు పనిముట్లు కారు డిక్కీలో పెట్టుకుని ఇంటికొచ్చి, గ్యారేజీ తలుపు మూసి, సాయంత్రం దాకా బయటికి రాలేదట.

కోర్టు మీద ఆయనకి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. ఎన్నుకున్న ప్రభుత్వం అవునంటే, ఎన్నుకోని జడ్జీలు కాదన్నారు. చాలామంది కన్జర్వేటివ్‌ల మాట ఇదే. కానీ నేను మిమ్మల్ని ఆ తీర్పు లోపలికి ఒక్క నిమిషం తీసుకెళ్తాను.

కోర్టు రెండు లోపాలు చూపించింది. ఒకటి సముద్రం సంగతి. కొత్త గొట్టం వస్తే ఆ రేవుకి నెలకు ఐదు ట్యాంకర్ల చోట 34 దాకా వస్తాయి. ఆ నీళ్లలో తిరిగే ఒక జాతి ఓర్కా తిమింగలాలు అప్పటికి 70 పైచిలుకే మిగిలాయి. ఆ ఓడల రాకపోకలను ప్రాజెక్టులో భాగంగా జాతీయ ఇంధన బోర్డు, అంటే గొట్టాలను పరిశీలించి కేంద్రానికి సిఫారసు చేసే సంస్థ, లెక్కలోకే తీసుకోలేదు. రెండోది నన్ను పట్టుకుంది. గొట్టం దారిలో ఉన్న ఆదివాసీ జాతులతో కేంద్రం సంప్రదించాలి. అది చట్టం. రేవు పక్కనే ఉండే స్లేవాతూత్ జాతి వాళ్లు, ఇంకా కొందరు కోర్టుకి వచ్చారు. కేంద్రం మనుషులను పంపింది. వాళ్లు కూర్చున్నారు. విన్నారు. రాసుకున్నారు. వెళ్లిపోయారు. వినడం, రాసుకోవడం, పైవాళ్లకు చేరవేయడం, అంతవరకే వాళ్లకిచ్చిన పని అని కోర్టు తేల్చింది. అవతలివాళ్లు చెప్పినదానికి జవాబు చెప్పే అధికారం ఆ వచ్చినవాళ్లకు లేదు.

విన్నారు, రాసుకున్నారు, వెళ్లిపోయారు. ఆల్బర్టా పెద్దాయన నలభై ఏళ్లుగా ఒట్టావా గురించి చెప్పేది అచ్చంగా ఇదే మాట! గొట్టం కావాలన్నవాళ్లదీ, గొట్టం వద్దన్నవాళ్లదీ ఒకే ఫిర్యాదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కేంద్రం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మాట్లాడింది. 2019 జూన్‌లో మళ్లీ అనుమతి ఇచ్చింది. 2020 ఫిబ్రవరిలో అదే అప్పీలు కోర్టు, ఈసారి సరిగ్గా చేశారంది. మొదటిసారే సరిగ్గా చేసి ఉంటే ఆ కాలం మిగిలేది. ఆలోగా 2018 చివర్లో దారి లేక ఆల్బర్టా చమురు అమెరికా ధర కంటే బ్యారెల్‌కు 40 డాలర్ల పైనే తక్కువకి పోయింది. ఆ రాష్ట్రం తన చమురు తీయడం తనే తగ్గించుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. 2021 వసంతంలో బర్నబీలో చెట్లు కొడుతుంటే హమ్మింగ్‌బర్డ్ గూళ్లు కనబడ్డాయి. ఆ గూడు కోడిగుడ్డు డొప్పలో సగం ఉంటుందంతే. సాలీడు దారాలతో అల్లుకుంటుంది. లోపల చిక్కుడు గింజంత గుడ్లు. పర్యావరణ శాఖ అక్కడ 900 మీటర్ల మేర పని ఆపించింది, ఆగస్టు దాకా. మావాడు పెద్దాయనని అడిగాడట, మీకు కోపం రాలేదా అని. ఆయన అన్నాడట, "పిట్ట మీద నాకేం కోపం? పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగమన్నారు, ఫలానా రోజు దాకా అని చెప్పారు, ఆగాం. మిగతావాటికి ఆ రోజేదో చెప్పేవాళ్లు లేరు."

విదేశాంగం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కీస్టోన్ ఎక్స్ఎల్ అని అమెరికాకి వెళ్లే గొట్టం ఒకటి వెయ్యాలనుకున్నారు. అందులో ఆల్బర్టా ప్రభుత్వం 2020లో 150 కోట్ల డాలర్లు పెట్టింది. 2021 జనవరి 20న, పదవిలోకి వచ్చిన రోజే, బైడెన్ దాని అనుమతి రద్దు చేశారు. ట్రూడో నిరాశ కలిగిందన్నారు, అక్కడితో ఆగారు. ఆల్బర్టా డబ్బు వంద కోట్లకు పైగా పోయింది. మన తరఫున గట్టిగా అడిగేవాడే లేడా అని అక్కడివాళ్లు అడిగితే, ఆ ప్రశ్న న్యాయమే అనిపిస్తుంది నాకు.

కోర్టులు మాత్రం ఎప్పుడూ ఒకవైపే ఉన్నాయనడం న్యాయం కాదు. ఇంధనం పొగ మీద కేంద్రం వేసిన కార్బన్ పన్ను కేసులో 2021లో సుప్రీంకోర్టు కేంద్రం వైపు తీర్పిచ్చింది, ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. అదే సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో కేంద్రం తెచ్చిన ప్రాజెక్టుల మదింపు చట్టంలో చాలా భాగం రాజ్యాంగానికి విరుద్ధమంది. ఆ చట్టం మీద గట్టిగా కొట్లాడింది ఆల్బర్టానే.

ఓట్ల సంగతి కూడా ఉంది. 2019 ఎన్నికల్లో దేశం మొత్తం మీద కన్జర్వేటివ్‌లకు ట్రూడో పార్టీ లిబరల్స్ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 121, లిబరల్స్‌కి 157. ఆల్బర్టాలో 34 సీట్లకు 33 కన్జర్వేటివ్‌లే గెలిచారు. అన్ని ఓట్లు వేసి కూడా ఒట్టావాలో కుర్చీ లేదు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్ల మనసు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మీ పిల్లలు కాల్గరీలోనో ఎడ్మంటన్‌లోనో ఉంటే వాళ్లకీ ఒక మాట చెప్పండి. కోర్టు ఆపేసింది అన్న వార్త వస్తే, శీర్షిక దగ్గర ఆగొద్దు. వద్దు అందా, మళ్లీ సరిగ్గా చెయ్యి అందా? ఇది ఒక్కటి చూసుకోమనండి. ట్రాన్స్ మౌంటెన్ కేసులో అన్నది మళ్లీ చెయ్యి అని. తిట్లు కోర్టుకి పడ్డాయి, పని ఎగ్గొట్టింది మంత్రివర్గం.

ఆ గొట్టం చివరికి 2024 మే 1న మొదలైంది. 740 కోట్ల డాలర్లవుతుందనుకున్నది సుమారు 3,400 కోట్లయింది. 2025 నవంబరులో ప్రధాని మార్క్ కార్నీ, ఆల్బర్టా ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, డేనియల్ స్మిత్ కాల్గరీలో కూర్చుని, పసిఫిక్ తీరానికి ఇంకో కొత్త గొట్టం గురించి ఒప్పందం మీద సంతకాలు చేశారు. మావాడు పరుగున వెళ్లి పెద్దాయనకి చెప్పాడు. ఆయన కప్పు కింద పెట్టలేదట ఈసారి. కాఫీ నెమ్మదిగా తాగి, "తీరంలో ఉన్న ఆదివాసీలతో ఎవరు మాట్లాడుతున్నారు?" అని అడిగాడట.

మావాడికి జవాబు తెలియక నాకు ఫోన్ చేశాడు.

సెలవు, నమస్కారం.