విడుదల ఎప్పుడని అడగడం మానేద్దాం

సభకు నమస్కారం. తణుకు నుంచి, పాలకొల్లు నుంచి, అమలాపురం నుంచి పొద్దున్నే బస్సులు పట్టుకుని భీమవరం వచ్చిన విద్యార్థులందరికీ ప్రత్యేకంగా.

ఓపెన్ సోర్స్‌కు, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌కు, సాయం అనగానే మీలో చాలామందికి కోడ్‌లో చేసిన మార్పును ప్యాచ్‌గా పంపడమే గుర్తొస్తుంది. ఆగిపోయిన కొత్త వెర్షన్ విడుదలకు చాలాసార్లు కావలసింది అది కాదు. బొమ్మలు దిద్దే గింప్ 2.10 వెర్షన్ 2018 ఏప్రిల్‌లో వచ్చింది, 3.0 వచ్చేసరికి 2025 మార్చి అయింది. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టం 3.0 వెలువడింది 2002 జూలైలో. 3.1 కోసం 2005 జూన్ దాకా ఆగవలసి వచ్చింది. ఎవరో బద్ధకించారని కాదు. సిస్టంను కంప్యూటర్లో వేసే కొత్త ఇన్‌స్టాలర్ రకరకాల యంత్రాల మీద నిలబడాలి, విడుదలకు అడ్డుపడే బగ్‌ల, అంటే లోపాల, జాబితా కరగాలి. ఆ కరగడం దగ్గరే కాలం గడిచిపోతుంది.

ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలో కొత్త మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు. వచ్చినవారికి పని నేర్పేది పాతవారే కదా! మీరు ఉత్సాహంగా పంపిన ఐదు వందల వరుసల ప్యాచ్‌ను ఎవరో చదవాలి. చదివేది ఇప్పటికే ఊపిరి సలపకుండా ఉన్న, ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినరే. మన డెల్టాలో శివారు చేలకు నీరందకపోతే ధవళేశ్వరం వెళ్లి బ్యారేజీకేసి చూస్తూ నిలబడం. గట్టు వెంట నడిచి, ఏ తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకుందో చూస్తాం. ఇక్కడా చేయవలసింది అదే.

అడ్డుపడే బగ్‌ల జాబితా చాలా ప్రాజెక్టుల్లో అందరికీ కనిపించేలా ఉంటుంది. అందులో ‘తెలుగు సరిగా రావడం లేదు’ అన్న ఒక్క ముక్కతో ఆగిపోయినవి కనిపిస్తాయి. దాన్ని పట్టుకుని ఏ డెవలపర్ ఏం చేయగలడు? ఒకటి తీసుకోండి. తాజా పరీక్షా వెర్షన్ వేసుకుని, కొత్త ఫైల్లో ‘లక్ష్మి’ అని టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి, అందులోంచి ఆ మాటను కాపీ చేసి మరోచోట అతికించండి. ఒత్తులు చెదిరాయా? ఏ ఫాంటు, ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏ వెర్షన్, ఏమి రావాలి, ఏమి వచ్చింది, అన్నీ రాసి, ఆ ఒక్క మాట ఉన్న ఫైలు జతచేయండి. నలభై పేజీల ప్రాజెక్టు రిపోర్టు జతచేయకండి. చెదరలేదా? ఆ మాటే వెర్షన్ నంబరుతో రాయండి. జాబితాలో ఒక పేరు తగ్గినట్టే. నా దృష్టిలో ఇది కొత్త ఫీచర్ రాయడం కంటే పెద్ద సాయం.

పాత వెర్షన్లో బాగుండి కొత్తదాంట్లో చెడిందంటే మరీ మంచిది, దొంగను పట్టుకోవచ్చు. నడుమ వెయ్యి మార్పులున్నాయనుకోండి. సరిగ్గా మధ్యదాన్ని పరీక్షిస్తే సగం తేలిపోతాయి, మిగిలినవాటిలో మళ్లీ మధ్యది. పది పరీక్షల్లో తప్పు తెచ్చిన మార్పు దొరుకుతుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో బైసెక్ట్ ఆదేశం చేసే పని ఇదే. పత్రాలు రాసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ వారు ఇందుకోసం ముందే కంపైల్ చేసిన, అంటే నేరుగా నడిపి చూడగల, వెర్షన్లను కూడా అందుబాటులో ఉంచారు. సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష రాకపోయినా ఫరవాలేదు, ఓపిక ఉంటే చాలు.

తెలుగు చదవగలగడం ఇక్కడ చిన్న అర్హత కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరానికి కంటికి కనిపించని మరో యూనికోడ్ గుర్తు తోడైతే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి గుర్తుందా? అది ఓపెన్ సోర్స్ గొడవ కాదు. అయినా మన లిపిని వాడేవాళ్లు ముందుగా పరీక్షించకపోతే ఏమవుతుందో అంతకంటే బాగా చెప్పలేను. అనువాదంలోనూ అంతే. వాక్యం నడుమ ఫైలు పేరు రావలసిన చోట ఉండే గుర్తును అనువాదకుడు తుడిచేస్తే తెలుగులో వాడేవారికి మాత్రమే ప్రోగ్రాం చెడిపోవచ్చు. ఇంగ్లిష్‌లో పరీక్షించేవారికి అది ఎన్నటికీ కనిపించదు.

భోజనాలయ్యాక ల్యాబ్‌లో కూర్చుందాం. లిబ్రెఆఫీస్ పరీక్షా వెర్షన్ వేసి ఉంచారు. ఇద్దరికి ఒక బగ్. ఒకరు చేస్తుంటే రెండోవారు అడుగడుగూ రాయాలి. రాసింది పక్క జంటకు ఇవ్వండి. వారు మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అదే లోపాన్ని తెప్పించగలిగితేనే పంపుదాం.