అమ్మ చేతుల పక్కన కూతురి చేతులు

అందరికీ నమస్కారం. గుంటలో కాళ్లు పెట్టి నేసే మన గుంట మగ్గం ఇల్లు వదిలి కదలదు. మెక్సికోలోని చియాపస్ కొండల్లో సినకాంతాన్ అనే ఊరుంది, మాయా అనే ఆదివాసీ జాతి వాళ్లది, అక్కడి ఆడవాళ్ల మగ్గం చుట్టేస్తే చంకలో పట్టేస్తుంది. ఒక కొస చెట్టుకో గుంజకో కట్టి, రెండో కొసకున్న పట్టీ నడుము వెనక వేసుకుని మోకాళ్ల మీద కూర్చుంటారు. వెనక్కి వాలితే పడుగు, అంటే పొడవునా కట్టిన దారాలు, బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఆ టెన్షన్ ఎంత ఉండాలో నోటితో ఎలా చెప్తాం?

అందుకే పిల్ల ఏళ్ల తరబడి అమ్మ పక్కన కూర్చుని చూస్తుంది. చిన్నప్పుడే బొమ్మ మగ్గం ఇస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే. బొమ్మ మగ్గంలో రెండు కర్రల మధ్య నేరుగా దారం చుట్టేస్తారు, కంటికి కనిపించేదే రేపటి గుడ్డ. అసలు మగ్గానికైతే పడుగును ముందు వేరే చట్రం మీద చుట్టి పోయాలి, అక్కడది మడతపడి ఉంటుంది, విప్పి ఎక్కిస్తే ఎంత పొడవొస్తుందో, ఏ దారం ఎటు పోతుందో మనసులోనే చూసుకోవాలి. ఆ పని పిల్ల కాస్త ఎదిగాకే అప్పగిస్తారు. ఏ వయసు బుర్రకు ఏది అందుతుందో పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త పుస్తకాలు రాసి చెప్పాడు, ఈ తల్లులు ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టారు.

పాట్రీషియా గ్రీన్‌ఫీల్డ్, కార్లా చైల్డ్స్ అనే అమెరికా పరిశోధకులు 1970లో ఇదంతా వీడియో తీశారు. అప్పుడు అమ్మ కూతురి మీదికి వంగి, తన చేతులూ మగ్గం మీదే పెట్టి, తప్పు పడకముందే సర్దేది. 1991లో మళ్లీ వెళ్లి ఆ పిల్లలకు పుట్టిన పిల్లలను చూశారు. ఈలోగా ఊళ్లోకి వ్యాపారం వచ్చింది, అమ్మలకు తీరిక తగ్గింది. పిల్ల ఎక్కువగా తనంతట తానే నేస్తోంది, తప్పు చేసి, చిక్కుపడితే పిలుస్తోంది, నేర్పేది చాలాసార్లు అక్కే.

అయ్యో, విద్య పోతోందే అనిపిస్తుంది. నేనలా అనుకోను. 1970లో దాదాపు అందరివీ అవే ఎరుపు తెలుపు చారలు, తర్వాత అదే గుడ్డ మీద పూలు, పిట్టలు, ఎవరికి తోచింది వాళ్లు వేశారు. పక్కన అమ్మ లేనప్పుడు తప్పులు పడ్డాయి, కొత్త పూలూ పడ్డాయి.

మన ఇళ్లలో పిల్లలకు మొదట కండెలకు దారం చుట్టే పని ఇచ్చేవాళ్లం. ఇప్పుడు చాలామంది అదీ ఇవ్వట్లేదు, కూలి గిట్టనప్పుడు తప్పు పట్టలేను కూడా. కానీ ఆడుకోవడానికి రెండు కర్రలు చాలు. దారం నేను తెచ్చాను, వెళ్లేటప్పుడు తలా ఒక కండె తీసుకెళ్లండి.