అల్మరాలో డబ్బాలెన్ని?

అధ్యక్షులవారికి, నిర్వాహకులకు, పని మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువా తర్వాత చూద్దాం, టైమ్ తక్కువ. నన్ను అత్యవసర ఆహార నిల్వ పద్ధతుల మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు కడుపులో ఉన్న మాటొకటి కక్కేయాలి.

ఇంట్లో తిండి నిల్వ ఉంచుకోమని ప్రభుత్వాలే చెబుతున్నాయి. పది రోజులకు సరిపడా ఉంచుకోమంటుంది జర్మనీ. 2018లో స్వీడన్ ఇంటింటికీ ఓ చిన్న పుస్తకమే పంపింది. మంచిదే. మరి ఎవరింట్లో ఎంత ఉందో కూడా ప్రభుత్వానికి తెలియాలా? నా గొడవల్లా ఇదే.

1943 ఫిబ్రవరి, అమెరికా. యుద్ధకాలం. డబ్బా ఆహారానికి రేషన్ రాబోతోంది. రెండో రేషన్ పుస్తకం కావాలంటే బడికి వెళ్లాలి. అక్కడ టీచర్లే కూర్చుని రాసుకునేవారు. ఇంట్లో డబ్బాలెన్ని ఉన్నాయో చెప్పి సంతకం పెట్టాలి. తలకు 5 దాటితే, దాటినదానికి తగ్గట్టు పుస్తకంలోంచి కూపన్లు చింపేసేవారు. సొంతంగా సీసాల్లో పెట్టుకున్న పళ్లూ కూరలూ మాత్రం లెక్కలోకి రావు. ఒక్కసారి ఊహించుకోండి. ఎదురుగా మీ పిల్లాడి టీచరు. నిజం చెబితే కూపన్లు పోతాయి, అబద్ధం చెబితే నేరం. ముందుచూపు ఉన్నవాడికే ఇరకాటం! ఆ పద్ధతి అన్యాయమని అనను, కొరతను పంచాలంటే లెక్క కావాలి. కానీ అప్పుడు మన ముఖం చూసి అడిగారు. ఏం చెబుతున్నామో మనకు తెలుసు.

ఇప్పుడు అడగక్కర్లేదు. బిల్లు కౌంటర్ దగ్గర ఫోన్ నంబర్ చెప్పేవాళ్లు చేతులెత్తండి. ఎత్తండి, మొహమాటం వద్దు. చూశారా, హాలంతా చేతులే! మీ అల్మరా లెక్క మీకన్నా ఆ కంప్యూటర్‌కే బాగా తెలుసు.

మేముండేచోట సంఘంవాళ్లు 'ఆపద కోసం' అంటూ ఒక ఫారం ఇచ్చారు. ఇంట్లో ఎంతమంది, ఎన్నాళ్ల తిండి ఉంది అని. వారం తిరక్కుండా ఆ జాబితా అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఎవరింట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారో కూడా! అడిగితే 'దాంట్లో ఏముందండీ' అన్నారు. ఇప్పటికీ మండుతుంది నాకు.

సరే, చట్టం. బ్యాంకు చేతిలో ఉన్న మన లెక్కల మీద మనకు గోప్యత హక్కు లేదని 1976లో మిల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అంది. 2018లో కార్పెంటర్ కేసులో కొంత వెనక్కి తగ్గి, ఫోన్ ఎక్కడెక్కడ తిరిగిందో పోలీసులు తెలుసుకోవాలంటే సాధారణంగా వారెంట్ కావాలంది. దుకాణం బిల్లుల సంగతి ఆ తీర్పులో తేలలేదు. 1950 నాటి అమెరికా రక్షణ ఉత్పత్తి చట్టంలో, కొరత ఉందని దేశాధ్యక్షుడు ప్రకటించిన సరుకును పోగేయకూడదన్న నిషేధం పెట్టారు. 2020లో ఆ నిషేధాన్ని వైద్య సామగ్రికి వాడారు, తిండికి కాదు. కాబట్టి రేపే తలుపు తడతారని టెన్షన్ పడకండి. ఎవరైనా ఫారం ఇస్తే మాత్రం మూడు ప్రశ్నలు అడగండి: ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఇవ్వకపోతే ఏమవుతుంది?

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిపోయిందండీ. నిల్వ పద్ధతులు: పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి సర్దండి, తేదీలు చూసుకోండి, తడి తగలనివ్వకండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, పేరు చెప్పక్కర్లేదు.