డాక్యుమెంటరీ ఎక్కడ అబద్ధమాడుతుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాం. ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, మన ఫోన్లలోకి పావుగంటవీ అరగంటవీ డాక్యుమెంటరీలు వచ్చిపడుతుంటాయి. వాటి వెనుక ఏదో ఒక పార్టీయో, నాయకుడో ఉన్నారని తెలిసినప్పుడు అందులోని మాటను నమ్మాలా వద్దా అన్నది ఈ రోజు మన విషయం. చాలా కాలంగా ఈ జిల్లాలో డాక్యుమెంటరీలకు ఎడిటింగ్ చేస్తున్న అన్న మనతో ఉన్నారు. అన్నా, సూటిగానే అడుగుతాను. పార్టీ డబ్బుతో తీసిన డాక్యుమెంటరీ నిజం చెప్పగలదా?

అతిథి: చెప్పగలదు తమ్ముడూ. డబ్బు ఎవరిదో తెలుసుకోవలసిందే కానీ, అంతమాత్రాన తీర్పు చెప్పేస్తే చూడవలసినది చూడకుండానే లేచిపోయినట్లవుతుంది. అమెరికాలో ఎరల్ మోరిస్ అనే దర్శకుడు 1988లో ‘ది థిన్ బ్లూ లైన్’ తీశాడు. పోలీసు అధికారిని చంపాడన్న కేసులో శిక్షపడిన రాండల్ ఆడమ్స్ అనే వ్యక్తి నిర్దోషి అన్నదే ఆ చిత్రం పట్టిన పక్షం. ఆ పక్షాన్ని అది దాచుకోనూ లేదు. అయితే సాక్షుల మాటలు ఎక్కడెక్కడ పొసగడం లేదో మన కళ్ళముందు పెట్టింది. మరుసటి ఏడాది ఆయన జైలు నుంచి బయటికి వచ్చాడు. పక్షం వహించడం వేరు, మోసం చేయడం వేరు.

వ్యాఖ్యాత: అది ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన కేసు. ఓట్లకు సంబంధించిన చిత్రాల తీరు అలా ఉండదు కదా?

అతిథి: సరే, రాజకీయ నాయకుడే తెరమీద నిలబడిన చిత్రాన్ని తీసుకుందాం. అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేసిన అల్ గోర్ భూతాపం గురించి మాట్లాడిన ‘ఆన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్’ 2006లో వచ్చింది. దానిని బ్రిటన్ ప్రభుత్వం బడుల్లో చూపించబోతే, అది రాజకీయ ప్రచారమని ఒకాయన కోర్టుకెక్కాడు. 2007లో లండన్ హైకోర్టు న్యాయమూర్తి ఆ చిత్రం చెప్పిన ప్రధాన విషయాలు స్థూలంగా సరైనవేనని అంటూనే, శాస్త్రవేత్తల ఏకాభిప్రాయానికి సరిపోని చోట్లు తొమ్మిది ఉన్నాయని ఎత్తిచూపాడు. వాటిలో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. మంచు కరిగి సముద్రమట్టం ఇరవై అడుగుల దాకా పెరుగుతుందని చిత్రం చెబుతుంది. అంత పెరుగుదల రావచ్చు, అయితే అందుకు వేల ఏళ్ళు పడుతుందని న్యాయమూర్తి అన్నాడు. ఆ సంగతి చెప్పకుండా నగరాలు మునిగిపోతున్న బొమ్మ చూపిస్తే, చూసేవాడు అది తన పిల్లల కాలంలోనే జరుగుతుందని అనుకుంటాడు. అంకె తప్పు కాదు, బొమ్మ తప్పు కాదు. మధ్యలో కాలాన్ని మింగేశారు. డాక్యుమెంటరీలో అబద్ధం ఎక్కువగా దూరేది అక్కడే అని నా అనుభవం.

వ్యాఖ్యాత: చివరికి కోర్టు ఆ చిత్రాన్ని ఆపేసిందా?

అతిథి: ఆపలేదు. ఉపాధ్యాయులకు వివరణ పత్రం ఇచ్చి, ఏ మాట ఎంతవరకు నిజమో పిల్లలకు చెబుతూ చూపించుకోవచ్చన్నది. నా దృష్టిలో నిషేధం కంటే అది నూరుపాళ్ళు మేలైన పద్ధతి.

వ్యాఖ్యాత: కాలాన్ని మింగేయడం అన్నారు. ఎడిటింగ్ టేబుల్ మీద అది ఎలా జరుగుతుందో మా శ్రోతలకు కొంచెం వివరించండి.

అతిథి: దానికి ఇటీవలి ఉదాహరణ బీబీసీ వారిదే ఉంది. అమెరికా పార్లమెంటు భవనం మీద ఆయన మద్దతుదారులు దాడి చేసిన 2021 జనవరి 6న ట్రంప్ చేసిన ప్రసంగంలోని రెండు ముక్కలను 2024లో వచ్చిన ఒక ‘పనోరమా’ కార్యక్రమంలో కలిపి అతికించారు. పార్లమెంటు భవనానికి నడుద్దాం అన్న మాట ఒకచోటిది, పోరాడదాం అన్న మాట ఇంకోచోటిది. అసలు ప్రసంగంలో వాటి మధ్య యాభై నిమిషాలకు పైగా దూరం ఉంది. తెరమీద మాత్రం ఒకే ఊపిరిలో అన్నట్లు వినిపించింది. రెండు మాటలూ ఆయన అన్నవే, గొంతూ ఆయనదే. ఆ వివాదం ముదిరి 2025 నవంబరులో బీబీసీ డైరెక్టర్ జనరల్ రాజీనామా చేయవలసి వచ్చింది. మన పనిలో ఇటువంటి అతుకును కప్పడానికి సులువైన దారి ఒకటి ఉంది. మాట తెగిన చోట మాట్లాడే మనిషి ముఖం తీసేసి, జనం బొమ్మో చెట్టు బొమ్మో వేసి, గొంతును మాత్రం నడిపిస్తారు. అందుకే ఎవరైనా ముఖ్యమైన మాట చెబుతుండగా సరిగ్గా వాక్యం మధ్యలో ముఖం మాయమైతే నేను వీడియో ఆపి వెనక్కి జరిపి మళ్ళీ వింటాను. అలా తప్పించిన ప్రతిచోటా మోసమే ఉందని కాదు. దగ్గును తీసేయడానికి కూడా అదే చేస్తాం.

వ్యాఖ్యాత: ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. నీళ్ళలోని ఫ్లోరైడ్ మీద వచ్చినన్ని వీడియోలు ఇక్కడ మరి దేనిమీదా రాలేదు.

అతిథి: అవును, మర్రిగూడ, మునుగోడు వైపు కెమెరా పట్టుకుని వెళ్ళని పార్టీ లేదు. ఒక రకం వీడియోలో వంకర తిరిగిన కాళ్ళతో నేలమీద పాకుతున్న పెద్దమనిషి కనిపిస్తాడు, వెనుక వయొలిన్ మోగుతుంది, ఇన్నేళ్ళలో ఏమీ మారలేదని గొంతు చెబుతుంది. ఇంకో రకం వీడియోలో నల్లా తిప్పగానే కృష్ణా నీళ్ళు బిందెలోకి దూకుతాయి, ఇక ఈ గడ్డమీద ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బన్నదే లేదని గొంతు చెబుతుంది. రెండింటిలో ఏ బొమ్మా కల్పితం కాదు. అయితే ఎముకల్లోకి చేరిన ఫ్లోరోసిస్ నయమయ్యే జబ్బు కాదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల పరిమితిని మించిన ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్ళను చిన్ననాటి నుంచి తాగిన మనిషికి, ఈ రోజు ఇంట్లోకి మంచినీళ్ళు వచ్చినా నడుము నిటారు కాదు. ఆయన శరీరం చెప్పేది ఎప్పటివో నీళ్ళ సంగతి, నల్లా చెప్పేది నేటి సంగతి. మొదటి వీడియో ఆయనను నేటి నీళ్ళకు సాక్ష్యంగా నిలబెడుతుంది, రెండో వీడియో నల్లాను చూపించి ఆయనను ఫ్రేములోంచే తప్పిస్తుంది.

వ్యాఖ్యాత: అయితే నీళ్ళు నిజంగా మారాయో లేదో తెలుసుకోవాలనుకున్న దర్శకుడు కెమెరా ఎటు తిప్పాలి?

అతిథి: పిల్లల పళ్ళవైపు తిప్పాలి. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారవుతున్న కాలంలో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతేనే పళ్ళమీద ఆ తెల్లని, గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం 2016లో మొదలైంది కాబట్టి, ఏ ఊరికి ఏ సంవత్సరంలో నల్లా వచ్చిందో కనుక్కొని, ఆ తర్వాత పుట్టి బడికి వెళ్తున్న పిల్లలను వాళ్ళ అన్నల పక్కన నిలబెట్టి చూస్తే నీళ్ళు మారిందీ లేనిదీ చాలావరకు తేలిపోతుంది. దానితోపాటు ఎండాకాలంలో సరఫరా ఆగినప్పుడు ఆ ఇంటివాళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నారో కూడా అడగాలి. పిల్లల పళ్ళు చూపించిన ప్రచార వీడియో నా కంట ఒక్కటీ పడలేదు. వయొలిన్ మాత్రం అన్నింటిలోనూ ఉంది.

వ్యాఖ్యాత: మరి ఇటువంటి వీడియోలను ప్రభుత్వమే పరీక్షించి, సరైనవాటినే వదిలితే పోదా?

అతిథి: ప్రభుత్వమూ ఒక పక్షమే కదా తమ్ముడూ. జాతీయ అవార్డు వచ్చిన ఆనంద్ పట్వర్ధన్ డాక్యుమెంటరీని ప్రసారం చేయబోమని దూరదర్శన్ మొండికేస్తే, 2006లో సుప్రీంకోర్టు ప్రసారం చేయవలసిందేనన్నది. ఒకటి రెండు దృశ్యాలను విడదీసి కాక చిత్రాన్ని మొత్తంగా చూసి అంచనా వేయాలని కూడా చెప్పింది. ఆ మాట ప్రేక్షకుడికీ వర్తిస్తుంది. నలభై సెకన్ల ముక్క ఫార్వర్డ్ అయి వచ్చినప్పుడు దానికి పూర్తి చిత్రం ఎక్కడుందో వెతకకుండా కోపం తెచ్చుకోవడం మనవైపు నుంచి జరిగే తప్పు.

వ్యాఖ్యాత: మీరు ఎడిట్ చేసేటప్పుడు మీరే పాటించే నియమం ఏదైనా ఉందా?

అతిథి: మాట్లాడినవాళ్ళకు, బయటికి వదలకముందే చూపిస్తాను. ఒకసారి మర్రిగూడ దగ్గరి ఒక ఊరిలో అలాగే లాప్‌టాప్ తెరిచి చూపిస్తే, ఒక పెద్దమనిషి తన ముక్క అయిపోగానే, ‘నీళ్ళొస్తున్నయని అన్న, కానీ రెండొద్దులకోపారి అస్తున్నయని గూడ అన్న గద బిడ్డా, ఆ మాటేది?’ అని అడిగాడు. ఆ మాట రషెస్‌లో, అంటే ఎడిట్ చేయని ముడి ఫుటేజీలో, ఉంది, నేనే వెతికి మళ్ళీ పెట్టాను. ఆ చిత్రం చేయించుకున్నవారికి నీళ్ళొస్తున్నాయన్న సగమే కావాలి, వారి ప్రత్యర్థులకు రెండు రోజులకోసారి అన్న సగమే కావాలి. రెండూ ఉన్న ఆ చిత్రాన్ని ఎవరూ ప్రచారానికి వాడుకోలేదు.

వ్యాఖ్యాత: మరి అది ఏమైంది?

అతిథి: ఆ ఊరివాళ్ళు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకున్నారు. గ్రామసభకు అధికారులు వచ్చిన రోజున పంచాయతీ ఆఫీసులో వేసి, నల్లా రోజూ ఎందుకు రావడం లేదో చెప్పమని అడిగారు.